తగరం అంటని చోటు

రాయి నాయనా, ఆ పిల్లోడి పేరు మాత్రం వద్దు. హిందూపురంలో మా మేడగదిలో అద్దెకుండి, పొద్దున రైలుకు బెంగళూరు ల్యాబుకు పోయేవాడు, అంతే రాయి. కనగానపల్లి రైతు బిడ్డ. నేను దోసె పోస్తే, పిండి పెనం మీద ఎట్లా పరుచుకుంటుందో వంగి చూసేవాడు.

“ఏమబ్బా, దోసె ఎప్పుడూ చూల్లేదా?”

“మా తగరం గూడా ఇట్లే పరుచుకోవల్లవ్వా” అని నవ్వేవాడు.

సూర్యుడిలో ఉండే మంటను కుండలో పట్టి కరెంటు తీయాలని వాళ్ల ల్యాబులో చూస్తున్నారంట. ఆ వేడికి ఏ గోడా నిలవదు. అందుకని గోడకు సన్న రంధ్రాల పలక బిగించి, అందులో కరిగిన తగరం నింపుతారంట. మంట ఎంత తిన్నా, లోపలి నుంచి తగరం మళ్లీ ఊరి కప్పుతుందంట. ఆ పలక పరీక్షలో నిలిస్తేనే అతని ఉద్యోగం నిలిచేది.

పలకను మా ఊరి వర్క్‌షాపులోనే చేయించాడు. పరీక్ష రోజు అతను బూట్లు తొడుక్కుంటుంటే, నేను అతని పెట్టె తెరిచి, కొత్త బండికి పెట్టినట్టు నూనె కుంకుమతో పలకకు బొట్టు పెట్టాను.

చూసి జేబులోంచి రుమాలు తీశాడు. “పోనీలే అవ్వా, తుడిస్తే పోతాది” అన్నాడు.

పోలేదు. నూనె రంధ్రాల్లోకి దిగింది. తగరం అంతటా పరుచుకుని, బొట్టు పెట్టిన చోట మాత్రం అంటలేదు. పరీక్షలో పలక అక్కడే కాలిపోయింది. ల్యాబువాళ్లు అడిగితే తన చేతి జిడ్డే తగిలిందని చెప్పాడంట. ఉద్యోగం పోయింది. సామాను దించడానికి వచ్చిన అతని స్నేహితుడు నాకిదంతా చెప్పాడు.

ఊరికి పోతూ నా ముందు తల వంచాడు. “పలకకు పెట్టినావు గదవ్వా, ఈసారి నాకు పెట్టు.”

కుంకుమ భరిణె చేతిలోనే ఉంది. నా వేలు లేవలేదు.