అప్పయమ్మ హాజరు

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే దారిలో జగదీశ్వరరావు గారి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. అందులో పిక్కలు కొట్టే నలభై మంది ఆడవాళ్లలో బలిఘట్టం అప్పయమ్మ మొదటిది. మొదటిదంటే పనిలో అనుకునేరు, నోటిలో. అలాగని పనిలో తీసిపోయిందని కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టినా ఆమె గంపలో అన్నీ పగలని గుండ్లే, బద్దలు వెతికినా దొరికేవి కావు. కానీ ఫ్యాక్టరీ వాళ్లు భయపడేది మాత్రం ఆమె నోటికే.

జీడిపిక్క సంగతి తిన్నవాళ్లకు తెలియదు, కొట్టినవాళ్లకే తెలుస్తుంది. పెంకులోంచి కారే రసం చర్మాన్ని కాల్చి ఒలిచేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా అది తినేది తినక మానదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని లోకులు మాటవరసకు అంటారు గానీ, ఆ నలభై మందికీ అది రోజువారీ పని. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ అప్పయమ్మ వేళ్లు అరిగిన సబ్బుబిళ్లల్లా నున్నగా తయారయ్యాయి.

తొంభై ఎనిమిది అక్టోబరులో ఎవరో ఆఫీసరు వచ్చి గట్టిగా అడిగాక, జగదీశ్వరరావు గారు ఏడవలేక నవ్వుతూ అందరికీ పీఎఫ్ కట్టడం మొదలుపెట్టారు. పదేళ్లు కడితే యాభై ఎనిమిదో ఏట నుంచి నెలనెలా పింఛను వస్తుందని ఆ ఆఫీసరు చెప్పాడు. మిగతావాళ్లు ఆ మాట ఇంటికి వెళ్లేలోపే మరిచిపోయారు. అప్పయమ్మ మరవలేదు. ఎందుకంటే ఆమె తల్లి చివరి రోజుల్లో చుట్టముక్క కోసం ముగ్గురు కోడళ్ల మొహాలు చూస్తూ బతికింది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషికి చుట్ట లేకపోతే ప్రాణం ఎలా గిలగిలలాడుతుందో అప్పయమ్మకు తెలుసు, ఆమెదీ అదే అలవాటు.

"నా సుట్ట నా డబ్బుల్తోనే కాల్సుకుంతాను. ఎవుల్నీ సెయ్యి సాపి అడగను" అని అప్పుడే తీర్మానించుకుంది.

పుట్టినరోజు ఎప్పుడో ఆమెకు తెలియదు. ఫారంలో గుమస్తా నవంబరు పది అని రాశాడు, అప్పటినుంచి అదే పుట్టినరోజయింది. ఆ లెక్కన రెండువేల ఎనిమిది అక్టోబరుకు పదేళ్ల సర్వీసూ, నవంబరుకు యాభై ఎనిమిదేళ్ల వయసూ నిండుతాయి. యాభై ఎనిమిది దాటాక పింఛనుకు కట్టరు. అంటే మధ్యలో నెలలు పోయాయా, పింఛను కూడా పోయినట్టే.

సరిగ్గా ఆ ఏడు జనవరిలో ఫ్యాక్టరీకి వేలిముద్రల మిషను వచ్చింది.

తెచ్చినవాడు జగదీశ్వరరావు గారి బావమరిది సోమేశ్. విశాఖపట్నంలో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని, ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదని తిరిగొచ్చిన మనిషి. అంతవరకూ హాజరుకు మేస్త్రీ పుస్తకంలో గీతలు పెట్టుకునేవాడు. సోమేశ్ ఆ పుస్తకాన్ని మూలన పడేసి, మిషనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తన వేలు పెట్టి చూపించాడు. లోపలినుంచి ఒక ఆడగొంతు తియ్యగా "థాంక్యూ" అంది.

అందరి వేళ్లూ ముందు ఆ మిషనుకు పరిచయం చెయ్యాలట. అప్పయమ్మ వేలు పెట్టింది. ఆడగొంతు "ప్లీజ్ ట్రై ఎగైన్" అంది.

"ఏటంతాది బాబూ ఆయమ్మ?"

"మళ్లీ పెట్టమంటోంది."

మళ్లీ పెట్టింది. ఆమె వెనక తలుపులమ్మ పెట్టింది. నలభై మందీ పెట్టారు. ఆ మహాతల్లి నలభై మందికీ అదే మాట చెప్పింది. మర్నాడు చింతపండుతో తోముకుని వచ్చారు. ఆ మర్నాడు పెరుగూ పసుపూ పట్టించి వచ్చారు. ముద్రలే లేని వేళ్లకు ఎన్ని సింగారాలు చేస్తే ఏం లాభం? ఆవిడ మాత్రం ఎక్కడా విసుక్కోకుండా అదే పాట పాడింది.

నాలుగో రోజు తలుపులమ్మకు ఒళ్లు మండింది. మిషను స్టూలు మీద ఉంది. చుట్టూ చూసి, చీర కాస్త ఎత్తి, కాలి బొటనవేలు ఆనించింది. "థాంక్యూ" అంది మిషను.

ఫ్యాక్టరీ అంతా పండగ అయిపోయింది. పిక్కలు కొట్టేది చేతులతో గానీ కాళ్లతో కాదు కదా, కాలివేళ్ల మీద గీతలు నిక్షేపంలా ఉన్నాయి. అప్పయమ్మ స్టూలు తీసేయించి మిషనును నేలమీద పెట్టించింది. మూడు రోజులు నలభై మందీ వరసలో నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కాళ్లతో హాజరు వేసుకున్నారు. సోమేశ్ కూడా మిషను పనిచేస్తోంది కదా అని ఊరుకున్నాడు.

నాలుగో రోజు జగదీశ్వరరావు గారు వచ్చి చూశారు. కుంకుమబొట్టు మీద తలుపులమ్మ పాదం ఉంది.

"ఓసి మీ అసాధ్యం కూలా. కొబ్బరికాయ కొట్టిన మిషను మీద కాలెడతారే?" అని ఆయన ఎగిరిపడ్డారు. సంప్రోక్షణ చేయించారు, కాలివేళ్లన్నీ లోపలినుంచి తుడిపించేశారు. ఆయన చూసుకుంది మిషను మర్యాద. మనుషుల సర్వీసు ఏమవుతుందో ఆయనకు పట్టలేదు. ఇలాంటి భక్తి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ నెల నుంచి నలభై మందీ కంప్యూటరు ప్రకారం ఫ్యాక్టరీలో లేరు. ఏ రోజు కూలి ఆ రోజు చేతిలో పెట్టి పంపడం మొదలయింది, పీఎఫ్ ఆగిపోయింది. మరి ఫ్యాక్టరీలో ఎవరూ లేకపోతే బాగుండదు కదా. అందుకని సోమేశ్ ముద్ర పడే వేళ్లను వెతికి ఎక్కించాడు. తనదీ, పెళ్లాందీ, అక్కగారు రాజేశ్వరి గారిదీ, వంటమనిషిదీ, ఇంకా బంధుబలగం కలిసి మొత్తం పన్నెండు. రాజేశ్వరి గారు రోజూ పొద్దున్నే కారులో వచ్చి వేలు ఆనించి, థాంక్యూ అనిపించుకుని వెళ్లిపోయేవారు. తినడం తప్ప జీడిపప్పుతో మరో సంబంధం లేని ఆ పన్నెండు మందికీ నెలనెలా పీఎఫ్ జమ అవుతోంది.

అప్పయమ్మ యజమాని గదిలోకి వెళ్లి నిలబడింది.

"బాబుగారూ, నానిక్కడ పన్సేత్తన్నాను. కనబడతన్నానా, నేదా?"

"నాకు కనబడతన్నావే అప్పయమ్మా. కంప్యూటరుకి కనబట్టం లేదు. గవర్నమెంటు దాన్నే నమ్ముతాది, నన్నేటి సెయ్యమంటావు?"

"మరి పిక్కలు ఎవులు కొడతన్నట్టు?"

ఆయన ఫోను వస్తోందన్నట్టు నటించి బయటికి వెళ్లిపోయారు.

ఆ రాత్రి అప్పయమ్మ చుట్ట వెలిగించుకుంది గానీ సగంలోనే ఆర్పేసింది. భయమేసింది ఆమెకు. తొమ్మిదేళ్ల మూడు నెలలు కాలిన చేతులు, ఇంకో తొమ్మిది నెలలుందనగా లెక్కలో ఆగిపోయాయి.

ఎమ్మార్వో ఆఫీసు ముందు అర్జీలు రాసే గంగులు చేత పీఎఫ్ ఆఫీసుకు అర్జీ రాయించారు. గంగులు మామూలుగా రాసే రకం కాదు, 'దయార్ద్రహృదయులైన తమ పాదపద్మములకు' దగ్గర మొదలుపెడితే విషయానికి వచ్చేసరికి రెండో పేజీ పట్టింది. అడుగున నలభై మందీ వేలిముద్రలు వేశారు. నలభై నల్లని చుక్కలు, ఒక్క గీత లేదు.

జూన్‌లో మన్మథరావు అనే ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. అర్జీ మీద విచారణకు కాదు, అర్జీదారుల మీద విచారణకు. నలభై ముద్రలూ ఒకే సీసామూతతో అద్దిన దొంగముద్రలని ఆయన అనుమానం. జగదీశ్వరరావు గారు కొబ్బరిబొండం తెప్పించి, "అదేనండీ మేమూ అంటున్నది. అసలు జనవరి నుంచి వీళ్లు మా పనివాళ్లే కాదండీ" అన్నారు.

మన్మథరావు తను తెచ్చిన సిరా డబ్బా తెరిచి అప్పయమ్మను పిలిచాడు. ఆమె వేలు వేసింది. చుక్క. ఇంకో వేలు. చుక్క. పదో వేలు దాకా పది చుక్కలు. ఆయన ఆ చెయ్యి వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, కళ్లద్దాలు తీసి చూశాడు. తరువాత మిషనులోని హాజరుపట్టీ అడిగాడు. పన్నెండు పేర్లు. ఆ పన్నెండు మందినీ రమ్మన్నాడు.

రాజేశ్వరి గారు కారు దిగారు.

"అమ్మా, రోజుకి మీరు ఎన్ని కిలోలు కొడతారు?" అని అడిగాడు మన్మథరావు.

"ఏంటి కొట్టాలండీ?" అన్నారు ఆవిడ.

జగదీశ్వరరావు గారు తేలు కుట్టిన దొంగలా బొండంలో గొట్టం వైపే చూస్తూ ఉండిపోయారు. ఇన్‌స్పెక్టరు ఆవిడ వేలు కాగితం మీద వేయించాడు. ముగ్గులా ప్రతి గీతా చక్కగా పడింది. పన్నెండు మందివీ అంతే.

అప్పయమ్మ రెండు కాగితాలనూ చూసింది. గొంతు పెంచకుండా చెప్పింది.

"బాబూ, సూడండి. గీతలున్నోలు పన్సెయ్యనేదు. పన్సేసినోలికి గీతలు నేవు. ఆజరు ఏ ఏలికెయ్యాలో తమరే సెప్పండి."

మన్మథరావు తన కాగితాలు సర్దుకుని, మూలన పడి ఉన్న మేస్త్రీ పుస్తకం దుమ్ము దులిపి తీసి, దాన్ని మళ్లీ మొదలుపెట్టమన్నాడు. నలభై మందికీ ఆగిపోయిన నెలలన్నీ కట్టమని ఉత్తర్వు వచ్చేసరికి ఆగస్టు అయింది. రాజేశ్వరి గారి సర్వీసు మాత్రం అంతటితో ముగిసింది. పాపం, ఆవిడకు అలాంటిదొకటి ఉందని కూడా అప్పుడే తెలిసింది.

నవంబరు పది దాటాక అప్పయమ్మ కొత్త చీర కట్టుకుని, విశాఖపట్నం పీఎఫ్ ఆఫీసుకు పింఛను ఫారం పట్టుకుని వెళ్లింది. గుమస్తా మూడుసార్లు సిరా పూశాడు, మూడుసార్లూ తల అడ్డంగా ఊపాడు.

"ముద్ర లేకుండా ఫారం తీసుకోకూడదమ్మా. పడకపోతే ఎందుకు పడలేదో కారణం రాయాలి. డాక్టరు దగ్గరికెళ్లి రాయించుకురా."

పక్క గదిలోంచి మన్మథరావు వచ్చాడు. ఫారం తీసుకుని, నల్లని చుక్క పక్కన ఖాళీలో ఏదో రాసి, సంతకం పెట్టి గుమస్తా ముందు పెట్టాడు. గుమస్తా చదివి, ముద్ర గుద్దాడు.

"ఏటి రాసినారు బాబూ?" అని అడిగింది అప్పయమ్మ.

మన్మథరావు చదివాడు. "వేలిముద్ర పడలేదు. కారణం, పదేళ్ల సర్వీసు."

అప్పయమ్మ ఇంకోసారి చదవమంది.