గుడ్డ చుట్టిన గంట

మా ఆయన పంతొమ్మిదేళ్లు హాస్టల్ కాలేజీలో గంట కొట్టారు. పిల్లలందరికీ ఆయన గంట మావయ్య. ఇంట్లో కూడా గడియారం చూసుకునే కంచం ముందు కూర్చునేవారు. నాకు ఒళ్లు మండి, "నేనేమన్నా మీ కాలేజీ పిల్లనా?" అనేదాన్ని.

మా ఒక్కగానొక్క కూతురు అక్కడే ఉండి చదివేది. పరీక్షలు ఇరవై రోజులున్నాయనగా ప్రిన్సిపాల్ ఆయన్ని పిలిచి, విరామం గంటలు దండగ, మానెయ్యమన్నారు. వేళకి గంట కొట్టకుండా ఉండటానికి మా ఆయనకు చేతులు రావు. ఎదురు చెప్పడానికి నోరూ లేదు. అందుకని నా పాత చీర చింపి గంట సుత్తికి చుట్టారు. కొట్టాల్సిన వేళకి కొట్టేవారు, ఎవరికీ వినపడదులే అనుకునేవారు.

"మన పిల్లకీ నాలుగు ముక్కలు ఎక్కువ బుర్రకెక్కుతాయిలేవే" అని మురిసిపోయారు. నేనూ ఊరుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

పదిహేనో రోజు మధ్యాహ్నం పిల్లను చూసి వద్దామని వెళ్లాను. స్టడీ హాలు గుమ్మంలోనే నా కాళ్లు ఆగిపోయాయి. లోపల రెండు వందల మంది. దగ్గు లేదు, గుసగుస లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, అందరివీ ఒక్కలాగే. రెప్పలు కూడా అందరూ కలిసే వేస్తున్నారు. మా పిల్ల గబగబా రాస్తోంది. పెన్నులో ఇంకు లేదు. నోట్సు వెనక్కి తిప్పి చూస్తే పేజీల నిండా గీసిన గాట్లే, ఒక్క అక్షరం కనిపించలేదు. నాకు చచ్చేంత భయం వేసింది.

బయటికి పరుగెత్తి సుత్తికున్న గుడ్డ పీకేశాను. గంట దగ్గరే ఉన్న మా ఆయనతో "కొట్టండి" అన్నాను. ఆయన కొట్టారు. కిటికీ అద్దాలు అదిరాయి. హాల్లో ఒక్క తలా లేవలేదు.

పిల్ల భుజం పట్టి కుదిపాను. "లేమ్మా, గంట కొట్టారు."

"అది నాన్న కొట్టింది కాదమ్మా" అంది, తల ఎత్తకుండానే.

ప్రిన్సిపాల్ అడ్డం వచ్చారు గానీ, నా నోటికి జడిసి తప్పుకున్నారు. పిల్లను ఇంటికి తెచ్చేశాం. రెండు రోజులు ఒళ్లు తెలియకుండా పడుకుంది. నిద్రలోనూ వేలు దుప్పటి మీద రాస్తూనే ఉంది. ఆయన ఆ వేలు పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నారు.

మూడో రోజు కళ్లు తెరిచింది. ఆయన దాని తల నిమిరారు.

"నాదే తప్పమ్మా. నీకు గంట వినపడకుండా చేశాను."

"ఎందుకు వినపడదు నాన్నా? రోజూ అందరం వినేవాళ్లం. నువ్వు అంత మెల్లగా కొడుతుంటే, మమ్మల్ని లేవొద్దంటున్నావనుకున్నాం."

ఆయన నా వైపు చూశారు. మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా కాలేజీకి పరుగెత్తారు. మిగిలిన నూట తొంభై తొమ్మిది మంది ఇంకా ఆ హాల్లోనే కూర్చుని ఉన్నారు.