గోడల్లేని ద్వారబంధం

స్వర్ణముఖి వరదకు కూలిన ఇళ్లు కట్టిస్తామని రేణిగుంట అవతలి పల్లెకు పోయిన సేవా బృందంలో నేనూ ఉన్నాను. ఒక ముసలామె ఇంటి పునాది మీద ద్వారబంధం నిలబెట్టి, పసుపు రాసి, టెంకాయ కొట్టి, ఫోటోలు దిగాం. గోడలు తర్వాత చూద్దామన్నారు. కొబ్బరి ముక్కలు కూడా మేమే తినేశాం.

నెల తర్వాత దాతలను వెంటబెట్టుకుని వెళితే, ఆమె ఇంకా బురద కంపులో, టార్పాలిన్ పట్ట కిందే ఉంది. ద్వారబంధానికి ఆవును కట్టేసుకుంది. మా బృందం పెద్దాయన ముక్కు మూసుకుని, "ఆవును విప్పమ్మా, ఫోటోకు అడ్డం" అన్నాడు.

ఆమె కదల్లేదు. "అది ఈడ ఉండేది నాయనా. పోయేవాళ్లు మీరు, మీరే జరగండి."