తరైవిని పరిచిన రెండో చాప

సముద్రం నడుమ దీవిలో పారే రేవా నదిలో ఆలుచిప్పలు ఏరే ఆడవాళ్ళలో తరైవిని ఊపిరి బిగబట్టినంత సేపు ఇంకెవరూ బిగబట్టలేరు. ఒకసారి ఆమె నీళ్ళలో మునిగి ఎంతకీ తేలకపోయేసరికి ఒడ్డున ఉన్న తోటికోడలు శోకాలు మొదలుపెట్టిందట. చర్చి గంట మోగింది. చావు భోజనానికి పంది మాంసం, దుంపలు మట్టిపొయ్యిలో పెట్టేశారు. పాస్టరుగారు ప్రార్థన సగంలో ఉండగా ఈమె బుట్టనిండా చిప్పలతో పైకి లేచి, "పాపం, ఎవరు పోయారు?" అని అడిగిందట. తన పేరే చెబితే, జనంతో పాటు తానూ కాసేపు ఏడ్చి, ఆ భోజనం కూడా తిని ఇంటికెళ్ళిందంటారు. ఇందులో ఎంత నిజమో ఎవరూ తేల్చలేదు. భోజనం చేసిన మాట మాత్రం తరైవిని ఒప్పుకుంటుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పడవ నడిపే మొగుడు జబ్బు చేసి పోయాడు. పొద్దున్నే నదిలో దిగడం, మధ్యాహ్నానికి చిప్పలు కడిగి బజారులో కుప్పలు పోసుకోవడం, సాయంత్రం పొరుగువాళ్ళతో కూర్చుని కాస్త మత్తునిచ్చే యంగోనా వేరు కలిపిన నీళ్ళు తాగుతూ అందర్నీ ఆటపట్టించడం. ఇదీ ఆమె బతుకు. మొగుడు మిగిల్చిన వస్తువుల్లో ఆమె ప్రాణంగా చూసుకున్నది ఒక చేతి గడియారం. దాన్ని సవేనాకా ఎత్తుకుపోయాడు.

సవేనాకా ఆ వాడలోవాడే, ఇరవై మూడేళ్ళవాడు. రెండుసార్లు జైలుకెళ్ళి వచ్చాడు. అతను వీధిలో నడుస్తుంటే తీగ మీద ఆరేసిన బట్టలు కూడా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేవని బజారులో నవ్వుకునేవారు. తరైవిని మాత్రం నవ్వేది కాదు. గడియారం మళ్ళీ దొరకలేదు. అతను ఎదురుపడితే ఆమె మొహం తిప్పుకునేది.

అలాంటి తరైవిని అతని తరఫున సాక్ష్యం చెబుతానని పేరిచ్చింది.

ఆరోజు ఆమె బజారు వెనక కుళాయి దగ్గర చిప్పలు కడుగుతోంది. ఎవరిదో ఫోను కొట్టేసిన సవేనాకా పరుగెత్తుకొచ్చి, దారి మూసుకుపోవడంతో గోడవారన కూలబడ్డాడు. ఫోను నేల మీద పెట్టి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. తానియేలా అనే కుర్ర పోలీసు వచ్చాడు. సవేనాకా కుడి చెయ్యి గుంజి నేలకు ఆనించి, "ఇక దేనితో దొంగతనం చేస్తావో చూస్తాను" అంటూ లాఠీతో కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు కుళాయి దాకా వినిపించింది. అయినా ఆపలేదు. తరైవిని గిన్నె వదిలేసి కేకలు వేస్తూ వెళ్ళాకే ఆపాడు.

ఆ సాయంత్రమే ఆమె స్టేషనుకు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది. పై అధికారులు కేసు పెట్టారు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, వాళ్ళందరికీ ఆ క్షణంలోనే కంట్లో నలుసు పడిందట. ఆమె మాట ఒక్కటే ఆధారం. ఆమె వెనక్కి తగ్గితే కేసు లేదు.

బజారంతా ఆమె మీద విరుచుకుపడింది. "దొంగవెధవ చెయ్యి విరిగితే నీకెందుకే ఏడుపు? నీ మొగుడి గడియారం మర్చిపోయావా?" అని పక్క కొట్టు ఆవిడ అడిగింది.

"మర్చిపోలేదు. ఆ ఎముకల చప్పుడూ మర్చిపోలేదు. అందుకే ఇంకా నిద్రపట్టడం లేదు," అంది తరైవిని.

విచారణ వారంలోకి వచ్చేసరికి సార్జెంటు పెనియామి ఆమె కొట్టు దగ్గరికి వచ్చాడు. తానియేలాకు స్వయానా మేనమామ. పైగా అతని ఊరివాళ్ళకూ తరైవిని ఊరివాళ్ళకూ తాతల నాటి నుంచీ మేలమాడే వరస. ఆ వరసవాళ్ళు ఒకర్నొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఎదుటివాళ్ళ పళ్ళెంలోది లాక్కుని తినొచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

"ఏం మరదలా, చిప్పల కంటే నువ్వే ముందు కంపు కొడుతున్నావు!"

"నువ్వొచ్చావు కదా బావా, గాలి మారింది. ఆ పొట్టేమిటి? లాకప్పులో వాళ్ళ అన్నం కూడా నువ్వే తింటున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. సార్జెంటు కూడా నవ్వి, ఆమె పళ్ళెంలోని దోసకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని చాప మీద చతికిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"శనివారం సవేనాకా వాళ్ళింటికి తిమింగలం పన్ను పట్టుకెళ్తున్నాం. క్షమాపణ అడుగుతాం. నువ్వు మా వైపు కూర్చోవాలి."

"మీ వైపా? నేనేం విరగ్గొట్టాను?"

"వాడు నీ ఇల్లు దోచాడు. నువ్వూ వాడి వల్ల నష్టపోయినదానివే. మావాడి తప్పు ఇటు, వాడి తప్పు అటు. ఒక్క చాప మీద రెండూ చెల్లు. ఇక కోర్టెందుకు? తానియేలాకు పసిబిడ్డ ఉంది తరైవినీ. ఉద్యోగం పోతుంది."

ఆ చివరి మాటల్లో వేళాకోళం లేదు. వాళ్ళలో ఆ పన్ను అన్నిటికన్నా పెద్ద కానుక; దాన్ని పట్టుకొచ్చి కాళ్ళ ముందు కూర్చున్నవాళ్ళను కాదనడం తేలికైన పని కాదు. "వస్తాను. ఎటు కూర్చుంటానో అప్పుడు చూసుకో," అంది.

శనివారం మధ్యాహ్నం సవేనాకా తాత ఇలైసా ఇంట్లో చాప పరిచారు. ఒకవైపు ఇలైసా, అతని వెనక కట్టు కట్టిన చేత్తో సవేనాకా. ఎదురుగా పెనియామి, తల వంచుకుని తానియేలా, వాళ్ళ బంధువులు. తరైవిని గుమ్మం దగ్గర ఎటూ కాకుండా కూర్చుంది.

పెనియామి పన్నును రెండు చేతులా ఎత్తిపట్టి మొదలుపెట్టాడు. మాట చక్కగా సాగింది. కాని అలాంటి చోట ఎప్పుడూ చెయ్యకూడని పని ఒకటి చేశాడు. క్షమించమని అడుగుతూనే ఎదుటివాడి చిట్టా విప్పాడు. "ఈ పిల్లవాడు కోళ్ళు ఎత్తుకెళ్ళాడు, షాపు తాళం పగలగొట్టాడు, అదిగో ఆ విధవరాలి గడియారం కూడా దొంగిలించాడు. కనుక మావాడి చెయ్యి కొంచెం తొందరపడింది..."

ఇలైసా మొహం నేలకు వాలిపోయింది. మనవడి తప్పులు వింటున్న ముసలాయన ఆ సిగ్గుతోనే పన్ను అందుకునేందుకు చెయ్యి చాచాడు. అందుకుంటే క్షమించినట్టే, అంతా ముగిసినట్టే.

తరైవిని చటుక్కున లేచి వచ్చి ఆ పన్ను మీద అరచెయ్యి పెట్టింది. మరొకరైతే మహాపరాధం. మేలమాడే వరస కాబట్టి పెనియామి కిక్కురుమనలేకపోయాడు.

"బావా, అన్నంలో నీళ్ళు పోసి చారు అంటున్నావేమిటి? ఇది ఎవరి తప్పుకి తెచ్చిన పన్ను?"

"తానియేలాది..."

"మరి మధ్యలో నా గడియారం ఎందుకొచ్చింది? అది నాది. దాని లెక్క నాకూ సవేనాకాకూ. వాడి చెయ్యి విరగ్గొట్టడానికి నా గడియారం పేరు నేను ఎవరికైనా అరువిచ్చానా?"

పక్కనే చుట్టిపెట్టి ఉన్న చాపను తీసుకుని, మొదటిదానికి ఎడంగా పరిచి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"రెండు తప్పులకు రెండు చాపలు. సవేనాకా, ముందు నువ్వు ఇటు రా. నాతో నీకు పనుంది."

సవేనాకా తాత వంక చూశాడు. ఇంట్లో తిమింగలం పన్ను లేదు. ముసలాయన దానికి బదులు మూలనున్న యంగోనా వేళ్ళ కట్ట తీసి మనవడి ఒళ్ళో పెట్టాడు. సవేనాకా మోకాళ్ళ మీద వచ్చి దాన్ని ఎడమ చేత్తో ఆమె ముందుంచాడు.

"పిన్నీ, కిటికీ చెక్క ఊడదీసి లోపలికొచ్చింది నేనే. గడియారం తీశాను. అమ్మేశాను. ఎవరికో కూడా గుర్తులేదు. ఆకలికి చెయ్యలేదు, తాగడానికి చేశాను. తెచ్చివ్వలేను. నన్ను క్షమించు."

ఆనవాయితీ ప్రకారం మాట ముగిశాక అరచేతులు గుంటగా పట్టి చప్పట్లు కొట్టాలి. ఒక చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. ఆ మెత్తని చప్పుడుకు గదిలో ఎవరూ తలెత్తలేకపోయారు. తానియేలా చేతులతో మొహం కప్పుకున్నాడు.

తరైవిని వేళ్ళ కట్ట మీద చెయ్యి వేసి, "తీసుకున్నాను," అంది. "గడియారం మాట ఇక్కడితో నేలలోకి పోయింది. ఇక ఈ ఊళ్ళో ఎవరూ దాన్ని తవ్వడానికి లేదు. నువ్వు కూడా బావా! ఇప్పుడు నీ మాట మళ్ళీ మొదటి నుంచి చెప్పు."

పెనియామి పన్ను ఎత్తిపట్టాడు. చిట్టా లేకుండా అతని దగ్గర ఒక్క వాక్యం కూడా మిగలలేదు.

చివరికి తానియేలాయే మోకాళ్ళ మీద ముందుకు వచ్చాడు. "మామా, ఇటివ్వు," అని పన్ను తీసుకున్నాడు. "చేతులు తల మీద పెట్టుకుని కూర్చున్న మనిషిని కొట్టాను. విరిగిందని తెలిశాక కూడా కొట్టాను. దొంగ కదా, ఎవరూ అడగరులే అనుకున్నాను. అంతే. ఇంకేం లేదు."

ఇలైసా మనవడి వంక చూశాడు. సవేనాకా తల ఊపాడు. ముసలాయన పన్ను అందుకున్నాడు.

పెనియామి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "అమ్మయ్య! అయితే కోర్టు పని లేనట్టేగా మరదలా?"

"వాళ్ళిద్దరి మధ్య పగ లేదు, చాలా సంతోషం. నేను చూసింది చూడలేదని చెప్పడానికి నువ్వు పన్నేమీ తేలేదుగా!"

సార్జెంటు నోరు తెరిచేలోపే తానియేలా అన్నాడు: "చెప్పు అమ్మా. నేనూ అదే చెబుతాను."

విచారణ రోజున తరైవిని చర్చికి కట్టుకునే ఊదారంగు గౌనులో బోనెక్కింది. తానియేలా మనసు మారినా, అతని బంధువులు కుదిర్చిన వకీలుకు మారలేదు. "అమ్మా, ఈ సవేనాకా మీ ఇంట్లో దొంగతనం చేశాడా లేదా?" అని మొదటి ప్రశ్నే అడిగాడు.

"చేశాడు బాబూ. క్షమాపణ అడిగాడు, నేను తీసుకున్నాను. ఆ మాట అయిపోయింది."

"అంటే అతను దొంగే కదా?"

"నేను ఆరోజు చూసింది దొంగతనం కాదు. దాని గురించి అడిగితే చెబుతాను."

వకీలు మళ్ళీ గడియారం దగ్గరికే వెళ్ళబోతే మేజిస్ట్రేటు కళ్ళద్దాల మీదుగా చూసి, "సాక్షి చూసింది చెప్పనివ్వండి," అంది.

తరైవిని నదిలో దిగే ముందులాగా ఊపిరి నిండా పీల్చుకుంది. కుళాయి దగ్గర ఎటు తిరిగి కూర్చున్నదీ, సవేనాకా చేతులు ఎక్కడున్నదీ, లాఠీ ఎలా లేచిందీ, ఒక్కటొక్కటే చెప్పింది. ముద్దాయి బోనులో తానియేలా తలెత్తి వింటూ, ఆమె చెప్పిన ప్రతి మాటకూ అవునన్నట్టు తల ఊపుతున్నాడు.