క్లెమెంట్‌కి చిమ్మటలంటే భయం

మా క్లెమెంట్‌కి లోకంలో ఒకటే భయం. ఉన్ని బట్టలు తినే చిమ్మట. గోటిలో సగం ఉంటుంది. దాన్ని తలుచుకుంటే అతనికి నిద్ర పట్టేది కాదు.

హార్లోడీన్ బంగళా పాత కట్టడాలను కాపాడే ట్రస్టుది. మేం పింఛనుదార్లం జీతం లేకుండా గదికొకరం నిలబడి, వచ్చినవాళ్ళకి చూపిస్తాం. క్లెమెంట్‌ది పడకగది. మంచం చుట్టూ మూడు వందల ఏళ్ళ నాటి ఉన్ని తెరలు. గడప దాటే ప్రతి స్వెట్టరూ అతని కంటికి దొంగే. ఒకసారి బిషప్ గారి మఫ్లరు మీద టార్చి వేశాడు.

"దేవుడి మనిషినయ్యా" అన్నాడాయన.

"పురుగుకి ఆ సంగతి తెలీదండీ."

గడ్డకట్టే చలికి పురుగు చస్తుంది. అందుకని అతని ఫ్రీజర్లో బఠాణీల పక్కన మేజోళ్ళుండేవి. క్రిస్మస్‌కి వచ్చిన అత్తగారి శాలువా కూడా అక్కడికే చేరింది. ఆవిడ పండగ కాకుండానే వెళ్ళిపోయింది.

ఒక వసంతంలో తెరకి చిల్లు పడింది. అందరికీ భయం పట్టుకుంది. ఒకరి భుజాలు ఒకరు అనుమానంగా చూసుకున్నాం. పురుగును తెచ్చినవాళ్ళు ఇక గదుల్లో అడుగుపెట్టకూడదని మేనేజరు ఫెలిసిటీ చెప్పింది.

ఎక్కువగా వణికింది పక్కగది మేవిస్. పోయిన భర్త ఉన్ని కోటు ఆమె ఒంటిమీంచి దిగేది కాదు. మోచేతుల దగ్గర అది జల్లెడ. ఇంట్లో పలకరించే దిక్కులేక రోజూ బంగళాకి వచ్చేది.

విచారణ టీ గదిలో. మేవిస్ కప్పు కింద పెట్టింది. ఏదో చెప్పబోయింది.

"మేవిస్, ఆ చక్కెర ఇటివ్వు" అన్నాడు క్లెమెంట్. తర్వాత ఫెలిసిటీ వైపు తిరిగాడు. "పురుగును తెచ్చింది నేను. నా స్వెట్టర్లో."

"నువ్వా? నీ మేజోళ్ళే బఠాణీల వాసన వేస్తాయి కదయ్యా" అన్నాను.

"నువ్వు టీ తాగు."

అతన్ని బయట కార్లు నిలిపే చోట కాపలాకి వేశారు. ఆ సాయంత్రమే మేవిస్ ఇంటికెళ్ళి, అదే మాదిరిలో ఒకటి అల్లుకుంటానని కోటు అడిగాడట. అతనికి అల్లిక రాదని ఆమెకి తెలుసు. ఇచ్చేసింది. కొన్నాళ్ళకి కోటు చల్లగా తిరిగొచ్చింది. మోచేతులకి రంగు కలవని దారంతో రఫ్ఫు.

ఇప్పుడు మేవిస్ రోజూ రెండు కప్పులతో బయటికెళ్తుంది. మొన్న నేనూ వెళ్ళాను. క్లెమెంట్ పెద్ద ఓక్ చెట్టు కింద వానలో నిలబడి, దాని వేళ్ళ మీదికొచ్చే కారు చక్రాలకేసి భయంగా చూస్తున్నాడు. ఆమె కప్పు అందించింది.

"థాంక్స్ మేవిస్. కాస్త పక్కకి జరుగు. వేరు మీద నిలబడ్డావు" అన్నాడు.

ఆమె జరిగింది, అతని వైపుకే.