గంజి పెట్టిన కోళ్ళ కట్ట

పందొమ్మిది వందల ఎనభై మూడు, శ్రావణ మాసం, రెండో మంగళవారం, పగలు రెండు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఆ రోజూ ఆ గంటా ఒక నోటుబుక్కులో రాసి ఉన్నాయి. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. దాన్ని నేను ఆటలో గెలుచుకున్నాను.

కాశిబుగ్గలో మేం పనిచేసే షెడ్డులో ఎనిమిది సాంచాలు ఉండేవి. కరెంటుతో నడిచే మగ్గాన్ని మేం సాంచా అంటాం. నేను సాంచా నడిపేదాన్ని కాదు, గోడ పక్కన కూర్చుని కండెలు చుట్టేదాన్ని. రోజూ రెండింటికి కరెంటు పోయి నాలుగింటికి వచ్చేది. సాంచాలు ఆగిపోతే ఒకరి మాట ఒకరికి వినబడేది ఆ రెండు గంటలే. మంగళవారాలు ఆ కాసేపు పత్తాలాడేవాళ్ళం.

పత్తాలంటే పేకముక్కలు కావు. పేక కనబడితే పనిలోంచి తీసేస్తానని సేటు ముందే చెప్పాడు. అందుకని మా మేస్త్రి వేరే ఆట కనిపెట్టాడు. సాంచాలు చెడిపోతే బాగుచేసేవాడు, మా అందరి మీదా పెత్తనం చేసేవాడు ఆయనే. అగ్గిపెట్టెల మీది బొమ్మలు జాగ్రత్తగా ఊడదీసి, అట్టముక్కలకు అంటించాలి. మనిషికి ముప్పై పత్తాల కట్ట. ఎవరి కట్ట వాళ్ళే తయారుచేసుకోవాలి. లేని బొమ్మ కావాలంటే ఉన్న బొమ్మ ఇచ్చి మార్చుకోవాలి. ఆడేది నలుగురం. ఒక్కొక్కరి ముందు ఇరవై చింతగింజలుంటాయి, అవే ప్రాణాలు. గింజలన్నీ పోయినవాడు లేచిపోవాలి. చివరిదాకా మిగిలినవాడు గెలిచినట్టు. అందరికంటే ముందు లేచినవాడు కెటిల్ పట్టుకుని హోటలుకు పోయి అందరికీ టీ తేవాలి.

ఆట మొదట్లో చేతిలోకి ఐదు పత్తాలు తీసుకోవాలి. ఆ తర్వాత చుట్టుకు ఒక పత్తా లాగాలి, కావాలంటే ఒకటి వేయొచ్చు. మేస్త్రి కట్ట నిండా పులులే. పులి వేస్తే ఒక చుట్టు ఆగి, అక్కణ్ణించి చుట్టుకు మూడు గింజలు లాక్కుంటుంది. ఎవరి దగ్గర లాక్కోవాలో పులి గలవాడి ఇష్టం. మిగతా మగవాళ్ళు కూడా పులో, దానికి దీటైన ఏనుగో కావాలని తన్నుకునేవాళ్ళు. నేను కోళ్ళు పట్టుకున్నాను. కోడి ఎవర్నీ ఏమీ చేయదు. కానీ వేయగానే రెండు పిల్లల్ని పెడుతుంది. పిల్లలకు గుర్తుగా పగిలిన గాజుముక్కలు పెట్టుకునేదాన్ని. తర్వాతి చుట్టు నుంచి ఒక్కో పిల్ల ఒక్కో గింజ పొడుస్తుంది; ఎవరిది పొడవాలో, ఎప్పుడు పొడవాలో కోడి గలవాళ్ళ ఇష్టం. ఇంకా డప్పు బొమ్మ ఉండేది. డప్పు వేస్తే ఆ చుట్టుకు పిల్లలన్నీ రెట్టింపు పొడుస్తాయి. కోళ్ళకు భయం ఒక్కటే, గద్ద. గద్ద పడితే బల్ల మీదున్న పిల్లలన్నీ పోతాయి. మేస్త్రి కట్టలో రెండు గద్దలుండేవి.

నాకప్పటికి ముప్పై ఆరేళ్ళు. అక్షరం ముక్క రాదు. అందుకు సిగ్గుపడలేదు, ఎందుకంటే నాకు లెక్క వచ్చు. కండె మీద నూలు ఎంతుందో బొటనవేలితో తాకి చెప్పేదాన్ని. ఆటలో నా ఇబ్బంది లెక్కతో కాదు, ఆ నోటుబుక్కుతో. ఆట కాయిదాలన్నీ, అంటే నియమాలన్నీ, అందులో ఉన్నాయని మేస్త్రి చెప్పేవాడు. తగువు వచ్చినప్పుడల్లా జేబులోంచి తీసి, ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పెట్టి చదివేవాడు.

"గద్ద వస్తే పిల్లలే గాదు, బల్ల మీదున్న కోళ్ళు గూడ పోవాలె. ఇట్ల రాసున్నది చెల్లె."

"పోయిన వారం లేకపాయె గద అన్నా?"

"పోయిన వారం ఈ పేజీ తియ్యలే."

వరసగా ఆరు వారాలు నేనే ముందు లేచాను. ఆరు వారాలూ కెటిల్ నేనే మోశాను. ఆరో వారం హోటలాయన నన్ను చూడగానే అడక్కుండానే కెటిల్ అందుకున్నాడు. ఆ రోజే మేస్త్రి ముందు నిలబడి అడిగేశాను.

"వచ్చే మంగళారం నేను గెలిస్తే ఆ బుక్కు నాకియ్యాలె."

"నీకెందుకు? చదువుతవా ఏంది?"

"చదివేటోళ్ళతోని చదివిపిచ్చుకుంట. నీ నోటితోని మాత్రం ఇగ వద్దు."

"మరి ఓడితే?"

"దసరా దాక కెటిల్ నాదే. ఎవలు ఓడినా సరే."

మేస్త్రి పడీ పడీ నవ్వాడు. మా షెడ్డులో అందరికంటే పెద్దాయన, ఏనుగుల కట్ట ఆడే ముసలి నేతగాడు, మేం బాపు అని పిలిచేవాళ్ళం, కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఒప్పుకోరా, ఆడిబిడ్డ అడిగింది. నీ బుక్కుల అంత సత్తెమే ఉంటె భయమెందుకు?" అలా పందెం కుదిరింది.

వారం రోజులు నేను కట్టతోనే ఉన్నాను. అప్పటిదాకా నా కట్టలో పద్దెనిమిది కోళ్ళు, పన్నెండు డప్పులు. డప్పు బలమైనది కదా, ఎన్నుంటే అంత మంచిదనుకున్నాను. అన్నం వార్చిన తర్వాత చేటలో పత్తాలు బోర్లించి, ఐదేసి తీసి చూసుకునేదాన్ని. ఐదింటిలో మూడు డప్పులే వచ్చేవి. పెళ్ళికొడుకు లేని ఇంటి ముందు బ్యాండు మేళం దిగినట్టుండేది. డప్పులు ఎనిమిదికి తగ్గించాను. కోళ్ళు ఇరవై రెండు కావాలి. కోడి బొమ్మ అగ్గిపెట్టెలు మా వైపు దొరకవు, తొర్రూరులో అమ్మేవాళ్ళు. మా అమ్మగారిది తొర్రూరే కాబట్టి ఒక పూట పోయి, బజార్లో బీడీలు తాగేవాళ్ళ దగ్గర ఖాళీ పెట్టెలు అడుక్కొచ్చాను. ఒకాయన "ఖాళీ డబ్బ ఏం జేస్తవమ్మా?" అని అడిగితే "కోళ్ళ ఫారం పెడుతున్న" అన్నాను.

ఇంకో తప్పు కూడా అప్పుడే తెలిసింది. నేను పిల్లలు పెట్టగానే పొడిపించేదాన్ని. ఒకసారి ఆయన్ని, ఒకసారి ఈయన్ని. ఇద్దరికీ కోపం వచ్చేది. ముగ్గురూ కలిసి నా మీద పడేవాళ్ళు. ఒక్కడితో ఆడే ఆటలో ఆ తొందర పనికొస్తుందేమో, నలుగురి మధ్య పనికిరాదు. పిల్లల్ని పెట్టి ఊరుకోవాలి. మగవాళ్ళు తన్నుకుంటుంటే చూస్తూ కూర్చోవాలి. పొడిచే చుట్టులో పిల్లలన్నీ ఒక్కసారే పొడవాలి. గద్ద భయానికి చేతిలో ఎప్పుడూ రెండు మూడు కోళ్ళు దాచుకోవాలి. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఆరు వారాలు కెటిల్ మోస్తే దారిలో తట్టింది.

ఇక్కడి దాకా నా తెలివి. ఆ తర్వాత చేసింది బుద్ధితక్కువ పని.

నా పత్తాలు మెత్తబడిపోయాయి. అంచులు చినిగి, మూలలు మడతలు పడ్డాయి. నూలు మెత్తగా ఉంటే మేమేం చేస్తాం? గంజి పెడతాం. నేనూ పత్తాలకు గంజి పెట్టాను. చిక్కటి బియ్యం గంజిలో ఒక్కొక్కటి ముంచి, నూలు మీద కుంచె లాగినట్టు లాగి, తీగ మీద ఆరేశాను. నా పక్కన కండెలు చుట్టే వదినె చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అవ్వో, పత్తాలకు గూడ గంజేనా? రేపు ఇస్త్రి గూడ చేస్తవా ఏంది?"

"చూస్తుండు వదినె, కొత్త చీర లెక్క పెళపెళలాడతయి."

పెళపెళలాడాయి కూడా, సోమవారం సాయంత్రం దాకా. శ్రావణంలో గంజి పెట్టకూడదని మా నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ముసురు గాలికి గంజి మళ్ళీ తడిదేరుతుంది, పోగుకు పోగు అంటుకుంటుంది. అది తెలిసి కూడా పెట్టాను. పైగా ఎవరూ కాజేయకుండా కట్టను రొంటిన చెక్కుకుని రాత్రంతా పడుకున్నాను. చెమట కూడా తోడైంది.

మంగళవారం రెండింటికి కరెంటు పోయింది. పది నిమిషాల్లో అందరం సర్దుకుని కూర్చున్నాం. మొదటి చుట్టులో కోడిని వేసి రెండు గాజుముక్కలు పెట్టుకున్నాను. రెండో చుట్టులో ఒక పత్తా లాగితే రెండొచ్చాయి. కోడికి డప్పు అంటుకుని ఉంది. గోటితో విడదీయబోయాను.

"ఆగు!" మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. బుక్కు తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టాడు. "అంటుకున్న పత్తాలు ఇడదియ్యొద్దు. ఎట్ల వచ్చినయో అట్లనే, ఆ చుట్టుకే ఎయ్యాలె. ఇట్ల రాసున్నది."

"పత్తాలు అంటుకుంటయని నీకు బుక్కు రాసిన్నాడే తెలుసా?" అన్నాడు నాలుగో ఆటగాడు. ఆయన కొత్తగా పెళ్ళయిన నేతగాడు, ఏడో తరగతి దాకా చదివాడు, నాకు తమ్ముడి వరస.

"ముందు సూపు ఉండాలె తమ్మీ" అన్నాడు మేస్త్రి.

చేసేది లేక రెండూ కలిపి వేశాను. బల్ల మీదున్నవి రెండే పిల్లలు, వాటి కోసం ఒక మంచి డప్పు పోయింది. ఆ వెంటనే మేస్త్రి గద్ద వేశాడు. నాలుగు గాజుముక్కలూ, రెండు కోళ్ళూ ఊడ్చుకుపోయాయి. వదినె వెనక నుంచి "ఇంక కెటిల్ కడిగి పెట్టనా?" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ చేతిలో ఇంకా మూడు కోళ్ళున్నాయి.

ఒక్కొక్కటే వేశాను. రెండు పిల్లలు, నాలుగు, ఆరు. ఒక్కదాన్నీ పొడవనివ్వలేదు. మేస్త్రి పులులు తమ్ముడి మీద పడ్డాయి, తమ్ముడు అందరికంటే ముందు లేచిపోయాడు. తర్వాత పులులకూ బాపు ఏనుగులకూ జరిగింది. మధ్యమధ్యలో నాకూ తగులుతూనే ఉంది. చూస్తే నా ముందు మూడే గింజలు. మేస్త్రికి పదమూడు, బాపుకు తొమ్మిది. చుట్టు నా దగ్గరికొచ్చింది. అది దాటితే నన్ను లేపడానికి మేస్త్రి పులి ఒక్కటి చాలు.

పత్తా లాగాను. మళ్ళీ రెండొచ్చాయి. ఈసారి డప్పుకు డప్పు.

మేస్త్రి తొడ చరిచాడు. "డప్పుకు డప్పే దొరికిందా! అదృష్టమంటె నీదే చెల్లె!"

నేను తొందరపడలేదు. "అన్నా, ఇడదియ్యొచ్చునా?" అని అడిగాను.

"వద్దు వద్దు! రాసున్నది గద."

"ఒక్క చుట్టుకే రెండు ఎయ్యాలెనా మరి?"

"ఎయ్యాలె."

"బాపూ, నువ్వు విన్నవు గద?"

బాపు ఒక కన్ను తెరిచాడు. "విన్న బిడ్డ. షెడ్డంత విన్నది."

రెండూ కలిపి బల్ల మీద పెట్టాను. "ఆరు పిల్లలు. ఒక డప్పుకు పన్నెండు. దాని మీద ఇంకో డప్పుకు ఇరవై నాలుగు. నీకు పదమూడు అన్నా. బాపుకు తొమ్మిది. ఇరవై రెండు పోయినా ఇంక రెండు మిగిలినయి. అవి నీ బుక్కును పొడుస్తయి."

మేస్త్రి వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. బుక్కు తెరవబోయాడు. బాపు ఆ చెయ్యి పట్టుకుని, బుక్కు లాగి నా ఒడిలో వేశాడు. "నా ఏనుగులను గూడ సంపినవు గద బిడ్డ" అన్నాడు, కానీ నవ్వుతూనే. వదినె చప్పట్లు కొట్టింది. ముందు లేచింది తమ్ముడు కాబట్టి కెటిల్ తీసుకుని బయల్దేరాడు. పోయేముందు ఒక్క నిమిషం బుక్కు అడిగి తీసుకుని, చివరి పేజీలో ఏదో రాసిచ్చాడు.

బుక్కయితే వచ్చింది. ఇంటికి తెచ్చి తిరగేస్తే అన్నీ చీమలు పాకినట్టే ఉంది. ఎవరితోనైనా చదివించుకుంటానన్నాను గానీ, ఇంకొకరి నోరు మాత్రం మేస్త్రి నోటి కంటే నమ్మకమా? అందుకని నాకే చదువు నేర్పమని తమ్ముణ్ణి పట్టుకున్నాను. కరెంటు పోయినప్పుడల్లా సాంచా చెక్క మీద సుద్దముక్కతో అక్షరాలు పెట్టించాడు. రెండేళ్ళు పట్టింది. గుణింతాల దగ్గర ఏడ్చాను, ఒత్తుల దగ్గర తిట్టాను.

చదవడం వచ్చాక మొదట చదివింది ఆ బుక్కే. మొదటి పేజీలో ఆట కాయిదాలు నాలుగు లైన్లు. అంతే. మిగతా పేజీలన్నీ ఏ వారం టీ ఎవరు తెచ్చారన్న లెక్క. కోడి పోవాలని లేదు. అంటుకున్న పత్తాల మాట అసలే లేదు. ఆరు వారాలు నన్ను ఓడించిందీ ఆయన నోటిమాటే, ఆ రోజు గెలిపించిందీ ఆయన నోటిమాటే.

బుక్కు పట్టుకుని మేస్త్రి దగ్గరికే పోయాను. "అన్నా, అంటుకున్న పత్తాల సంగతి ఏ పేజీల ఉన్నదో జర చూపియ్యి."

పానా కింద పెట్టి నా వైపు చూశాడు. "చదువుడు వచ్చిందా? అయితె ఇంక ఆట చెడిపోయినట్టే."

"అబద్ధమేనా మరి?"

"అబద్ధమే. గని నేను ఆ అబద్ధం ఆడకపోతే నువ్వు గెలుస్తుంటివా?"

ఆయన జేబులోని పెన్సిలు నేనే తీసుకుని, నాలుగు లైన్ల కింద ఐదో లైను రాశాను: అంటుకున్న పత్తాలు విడదీయరాదు. ఒత్తు ఒకటి తప్పు పడింది. మేస్త్రే దిద్దాడు.

చివరి పేజీలో ఆ మంగళవారం తమ్ముడు రాసింది ఉంది. రోజు, గంట, ఎవరెవరున్నారో అందరి పేర్లు. పేర్లు ఇక్కడ పెట్టను, మనుషుల్ని మాత్రం చెప్తాను. పులుల మేస్త్రి. ఏనుగుల బాపు. నా పక్కన కండెలు చుట్టే వదినె. రాసిన తమ్ముడు. అందరి కింద, చదవడం రాని మనిషి కూడా గుర్తుపట్టాలని, పేరుకు బదులు ఒక కోడి బొమ్మ. అది నేను.