పంజాగుట్టలో చచ్చిపోయిన దొర

మూగ సినిమాలు వెనకబడి, టాకీలు కొత్తగా గొంతు విప్పుతున్న రోజులవి. అమీర్‌పేటలో ఒక చిన్న బడికి నేను కొత్త పంతులమ్మను. పంజాగుట్టలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండేదాన్ని. (చుట్టూ రాళ్లూ, సీతాఫలం చెట్లూ, పలకరించడానికి మనిషి దొరకడమే కష్టం.) అలాంటి చోట మా ముందుగదిలోకి ఒక యూరపు దొర అద్దెకు దిగాడు. హంగేరీలో సినిమా నటుణ్ణన్నాడు. ఇక నాకు అన్నం సహించలేదు. చిన్నమ్మ మాత్రం నమ్మలేదు. "యాక్టరైతే గీ గుట్టలల్ల ఎందుకుంటడే? మస్తు అబద్ధాలు చెప్తుండు. ఐతారం నాడు గది ఖాళీ చెయ్యమంట" అంది.

ఖాళీ చేసేలోగా తెలుసుకోవాలి కదా! ఆ సాయంత్రమే ఆయన్ని వరండాలో పట్టుకున్నాను. నా బడి ఇంగ్లీషూ, ఆయన విరిగిన ఇంగ్లీషూ కలిసి ఎలాగో నడిచాయి. "ఏ వేషాలు వేసేవారు?" అన్నాను. "చచ్చిపోయే వేషాలు" అన్నాడు గర్వంగా. కత్తిపోటుతో, విషంతో, గుర్రం మీద నుంచి పడి, ప్రతి సినిమాలోనూ పోయేవాడట. కథలో ఒక చావుంటే చాలు, కబురొచ్చేదట. "మరి మానేశారేం?" ఆయన మీసం సవరించుకున్నాడు. "టాకీలొచ్చాయి. చచ్చేవాడు చివరి మాట చెప్పాల్సి వచ్చింది. నా గొంతు విన్నావుగా, పిల్లికూన గొంతు. జనం ఏడవాల్సిన చోట నవ్వారు." "ఒక్కసారి చచ్చి చూపిస్తారా?" అని అడిగేశాను (ఎంత మర్యాదో చూడండి!).

లేచాడు. తుపాకిగుండు తగిలినట్టు గుండె పట్టుకుని, స్తంభాన్ని వాటేసుకుని, మెల్లగా జారి నేల మీద ఒరిగాడు. తెరిచిన కళ్లకు రెప్ప పడలేదు. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ చీపురుతో వచ్చింది. "అయ్యో ప్రభువా! దొర పోయిండు! ఎంత మంచోనివి దొరా, ఒక్కనాడు సుత అబద్ధమాడకపోతివి!" అని రాగం అందుకుంది. అదంతా నటనేనని చెబుదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూశాక నాకే అనుమానమొచ్చింది. "దొరా, లేవండి" అని తట్టాను. కదలలేదు. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం కడుపారా ఏడ్చాక ఆయన లేచి, బట్టలు దులుపుకుని, నడుం వంచి నమస్కరించాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

చిన్నమ్మ చీపురెత్తింది. "పెద్దమనిషివేనా నువ్వు? జరైతే నా పానం పోతుండె!" కాసేపటికి చీపురు దించి, "అన్నం తిన్నవా?" అంది. గది ఖాళీ మాట మళ్లీ ఎత్తలేదు. పైగా ఇరుగుపొరుగుతో, "మా దొర అసలైన యాక్టరే. నేను చూసిన" అని చెప్పుకునేది.

కొన్నాళ్లకు ఆయన బొంబాయి వెళ్లిపోయాడు. ఈమధ్య మనవరాలికి ఈ కథ చెబితే, "ఆయన పేరేంది అమ్మమ్మా?" అంది. ఆ రోజుల్లో ఆయన్ని రెప్ప వేయకుండా ఎలా ఉండాలో అడిగాను, విషానికీ కత్తికీ పడే తీరులో తేడా అడిగాను. తెర మీద ఆయన పేరేమిటో అడగాలని మాత్రం ఆ వెర్రి పంతులమ్మకు తోచనే లేదు.